తొలికృతియు స్వల్పవ్యయమును : ‘ఫాలోయింగ్’ చలనచిత్ర విమర్శ

శ్రీనాథ మహాకవి కాశీఖండావతారికలో తన కృతులను తన వయోదశలతో ముడివెట్టి పేర్కొనెను. అందు బాల్యరచనగా చెప్పబడిన మరుత్తరాట్చరిత్రము మనకు లభింపలేదు. లభింపని కావ్యమును గూర్చి సాహిత్యచరిత్రకారుడు చెప్పగలిగినది స్వల్పము. అయినను శృంగారనైషధకర్త బాల్యమునందే యెంతటి ప్రౌఢుడై యుండెనో యని యూహించుట మనకు అలవాటైనది. అనగా తరువాత వచ్చిన కీర్తిని దీపముగా చేతబట్టి వెనుకకు నడచుచున్నాము. ఆ వెలుగు పడినంతమేర మాత్రమే కనబడును. తక్కినది చీకటిలోనే యుండిపోవును. తొలికృతుల చరిత్రను వ్రాయుటలోగల ఈ చిక్కును పరీక్షించుటకు కావ్యప్రపంచమునకు వెలుపలనున్న యొక యుదాహరణమును ఈ వ్యాసమున గ్రహించితిమి. అది నశించిన కృతి కాదు, సమగ్రముగా లభించుచున్నది. దాని కర్త జీవించియున్నాడు. అది పుట్టిన పరిస్థితులు విదితములు. ఇన్ని యనుకూలతలుండియు దాని చరిత్ర సరిగా చెప్పబడుట లేదని మా యభిప్రాయము.

ఆ కృతి క్రిస్టఫర్ నోలన్ దర్శకత్వమున 1998 లో వెలువడిన ‘ఫాలోయింగ్’ అను ఆంగ్ల చలనచిత్రము. ‘వెంబడించుట’ యని ఆ పేరునకర్థము. నలుపు తెలుపుల చిత్రము, నిడివి ఇంచుమించు 70 నిమిషములు, ఇతివృత్తము నేరకథ. దీని వ్యయము సుమారు 6,000 డాలర్లని లోకమున వాడుక. ఈ యంకెయు, దర్శకుడు పిదప గడించిన ప్రఖ్యాతియు కలసి, ఆ చిత్రమును గూర్చిన వ్యాఖ్యానమును దాదాపుగా మ్రింగివేసినవి. మొదటి వాక్యమున డాలర్లు, రెండవ వాక్యమున కీర్తి, మూడవ వాక్యమునకు వ్యాసము ముగియును. మేమీ రెంటిని కొంతసేపు ప్రక్కన బెట్టి, ధనలోపము ఆ చిత్రమున నెచ్చట నెట్లు ప్రవేశించినదో చూడదలచితిమి. లేమి దానికి వెలుపలి యడ్డంకి మాత్రము కాదు, కథానిర్మాణమునందే చేరిన మూలద్రవ్యమని మా ప్రతిపాదనము.

నోలన్ 1970 లో లండను నగరమున జన్మించెను. యూనివర్సిటీ కాలేజి లండనులో ఆంగ్లసాహిత్యము చదివెను. చలనచిత్రకళ నతడు ఏ శిక్షణాలయమునను అభ్యసింపలేదు. ఆ కళాశాల విద్యార్థుల చలనచిత్ర సంఘమున గల కెమెరాయు, కూర్పుబల్లయు అతనికి పాఠశాలలు. సాహిత్య విద్యార్థియగుట ఇచ్చట స్మరింపదగినది, ఏలయన ‘ఫాలోయింగ్’ నాయకుడు రచయిత కాగోరు నిరుద్యోగి. అంతకు ముందు నోలన్ తీసిన చిన్న చిత్రములలో ‘లార్సెనీ’ 1996 లో కేంబ్రిడ్జి చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. ‘డూడుల్‌బగ్’ అను మూడు నిమిషముల చిత్రమును 1997 నాటిదిగా చెప్పుదురు. అందు నటించిన జెరెమీ థియోబాల్డే ‘ఫాలోయింగ్’ నాయకుడు. కావున ఇది శూన్యమునుండి పుట్టినది కాదు. పరిచితులగు కొలదిమంది చేతులమీదుగా పెరిగినది.

చిత్రణవిధానమును కొంత వివరముగా చెప్పవలసియున్నది. అందు పాల్గొన్నవారందఱు వారమంతయు ఉద్యోగములు చేసికొనువారు. అందుచే చిత్రణము శనివారములందే, సుమారొక సంవత్సరము సాగినది. 16 మిల్లీమీటర్ల ఫిలిమును వాడిరి. ఈ ఫిలిము నాలుగువందల అడుగుల చుట్ట పదునొకండు నిమిషములకు చెల్లిపోవును. లెక్క వేసి చూచినచో, 70 నిమిషముల చిత్రమునకు తెరపై కనబడు ఫిలిమే రెండువేల అయిదువందల అడుగులకు మించును. ప్రతి ఘట్టమును రెండుమార్లు తీసినచో అది అయిదువేలు దాటును. పెద్ద సంస్థలలో ఒక ఘట్టమును పదిమార్లు తీయుట విశేషము కాదు. ఇచ్చట ఫిలిమే అన్నింటికంటె పెద్ద ఖర్చు. అది దర్శకుని జీతమునుండి రావలయును. అందుచే నాటక సమాజమువలె ప్రతి ఘట్టమును ముందుగా పలుమార్లు అభ్యసించి, మొదటి లేక రెండవ ప్రయత్నముననే ముగించునట్లు సిద్ధపడిరి. దీపములు లేవు, కిటికీనుండి వచ్చు పగటివెలుగే ఆధారము. గృహములు బంధుమిత్రులవి. కథయు దర్శకత్వమునే కాక కెమెరాయు నోలన్‌దే. కూర్పున గారెత్ హీల్ తోడ్పడెను. నిర్మాతలుగా నోలన్, ఎమ్మా థామస్, థియోబాల్డ్ పేర్లు కలవు.

ఇక కథ. పేరు తెలియని యొక యువకుడు తన రచనలకు వస్తువు కావలెనని వీథులలో అపరిచితులను వెంబడించుచుండును. ఎవరిని వెంబడించిన ఏమి తెలియునను కుతూహలమే కాని అతనికి మొదట దురుద్దేశము లేదు. ఒకే మనుష్యుని రెండుమార్లు వెంబడింపరాదని తనకు తాను నియమము చేసికొనును. ఆ నియమమును తానే యుల్లంఘించును. కాబ్ అను నొకడు కాఫీహోటలులో ఎదుట వచ్చి కూర్చుండి, నన్నేల వెంబడించుచున్నావని నిలదీయును. కాబ్ దొంగ, చక్కని దుస్తులు ధరించు మాటకారి దొంగ. యువకుడు అతనికి శిష్యుడగును. వారు ఇండ్లలో దూఱి దోచునది విలువగల సొత్తు కాదు. ప్రతి యింటను ఒక పెట్టె యుండునని కాబ్ సిద్ధాంతము. ఛాయాపటములు, ఉత్తరములు, అక్కఱకురాని చిన్న వస్తువులు అందు దాచుకొందురు. దానిని క్రుమ్మరించి యింటివారి జీవితమును చదువుట అతనికి వేడుక. పోయిననాడుకాని తమకున్నదేమో మనుష్యులకు తెలియదని అతడు వాదించును. తన ఫ్లాటు దొంగలపాలైనప్పుడు, అపరిచితులు తన వస్తువులను తడవి చూచిరను భావననుండి నోలన్‌కు ఈ కథాబీజము కలిగినది.

ఈ దొంగతనముల స్వభావమును నిర్ధనత కోణమునుండి చూడవలయును. నగల దుకాణమును దోచు కథకు నగల దుకాణము కావలయును, కావలివారు కావలయును, పరుగులెత్తు మోటారుకార్లు కావలయును. పాతపెట్టెను క్రుమ్మరించు కథకు స్నేహితుని గదియు, అట్టపెట్టెయు చాలును. అయినను చూపరికి కలుగు ఇబ్బంది తక్కువది కాదు. ఒకరి యుత్తరములను మఱియొకడు చదువుటలో గల కొంకు నగల దోపిడిలో లేదు. ఒక ఘట్టమున యువకుడు, వేఱు ఇల్లు దొరకక, కాబ్‌ను తన సొంత గదికే తీసికొనిపోయి అది పరులదని నమ్మించి దోచుటకు ప్రయత్నించును. కాబ్ ఆ గదిని చూచి దాని నివాసిని గూర్చి చెప్పు చులకన మాటలను ఆ నివాసియే నిలబడి వినవలసివచ్చును. మా దృష్టిలో చిత్రమంతటిలో నుత్తమమైన ఘట్టమిది. దీనికైన ఖర్చు ఒక గది, ఇద్దఱు మనుష్యులు.

పిదప కథలో నొక స్త్రీ ప్రవేశించును. ఆమె యింట వారు దొంగతనము చేసియుందురు. యువకుడు జుట్టు కత్తిరించుకొని, సూటు ధరించి, ఆమెతో పరిచయము చేసికొనును. ఒక దుండగీని యినుపపెట్టెలో తన ఛాయాపటములు చిక్కుకొన్నవని, అవి తెచ్చిపెట్టుమని ఆమె వేడుకొనును. అతడు ఆ పని చేయుచు అడ్డువచ్చిన వానిని సుత్తితో కొట్టును. తెచ్చి చూడగా ఆ పటములలో రహస్యమేమియు లేదు. ఆమెయు కాబును కలసి తన్ను ఎరగా వాడుకొనిరని అప్పుడు తెలియును. యువకుడు పోలీసుల యొద్దకు పోయి సర్వము చెప్పును. చిత్రమున మనము మొదటినుండి విన్నది ఈ వాఙ్మూలమే. అతడు చెప్పిన హత్య పోలీసుల యెఱుకలో లేదు. ఆ స్త్రీ మాత్రము హతురాలైనది. సాక్ష్యమంతయు అతనినే వేలెత్తి చూపుచున్నది. మన అపరాధ పరిశోధక నవలలలో చిట్టచివర డిటెక్టివు వచ్చి చిక్కుముడి విప్పుట పరిపాటి. ఇచ్చట ముడి విప్పుటకై అపరాధియే స్వయముగ నోరు తెరచును. తెరచినకొలది త్రాడు బిగియును.

ఈ కథ తెరపై వరుసగా నడువదు. మొదటి భాగము, నడిమి భాగము, తుది భాగము ముక్కలై ఒండొంటిలో అల్లుకొనును. ఏ ముక్క ఏ కాలమునకు చెందినదో చూపరికి తెలియుట యెట్లు? తేదీలు వ్రాసి చూపలేదు. యువకుని రూపమే పంచాంగము. చింపిరిజుట్టుతో నున్నచో మొదటి కాలము. కత్తిరించిన జుట్టు, సూటు ఉన్నచో రెండవది. ముఖము వాచి గాయపడియున్నచో మూడవది. ఈ యుపాయమునకు ఖర్చు క్షవరము మాత్రమే యని మేము పరిహాసమునకు అనుట లేదు. సంవత్సరము పొడుగున వారమున కొకదినము తీయు చిత్రమున నటుని రూపము నిలకడగా నుండుట కష్టసాధ్యము. వెలుగు మాఱును, ఋతువు మాఱును. వరుస కథలో ఇట్టి మార్పులు అతుకులుగా బయటపడును. ముక్కలు చేసిన కథలో అవియే కాలసూచకములగును. కర్త ఇట్లే తలచి చేసెనని మేము చెప్పజాలము. అయినను ఫలితము ఇట్లున్నది. విమర్శకునికి ఫలితమే ప్రమాణము.

స్వల్పధనముతో తొలి చిత్రము తీయబూనినవారు నేరకథను ఆశ్రయించుట నోలన్‌తో మొదలుకాలేదు. స్టాన్లీ కుబ్రిక్ 1955 లో ‘కిల్లర్స్ కిస్’ ను న్యూయార్కు వీథులలో తానే కెమెరా పట్టి తీసెను. అది అతనికి రెండవ చిత్రము, కాని నేరకథలలో మొదటిది. జోయెల్, ఈథన్ కోఎన్ సోదరుల తొలి చిత్రము ‘బ్లడ్ సింపుల్’ 1984 నాటిది. తీయని చిత్రమునకు ముందుగా ప్రకటనచిత్రము తయారుచేసి, దానిని చూపి మదుపుదారులనుండి ధనము సేకరించుట వారి నేర్పు. వ్యయము 15 లక్షల డాలర్లు. నోలన్‌తో పోల్చిన రాజభోగమే, హాలీవుడ్ ప్రమాణమున పేదఱికము. క్వెంటిన్ టరంటినో 1992 లో తీసిన ‘రిజర్వాయర్ డాగ్స్’ దోపిడి కథయే. అందు దోపిడి మాత్రము కనబడదు! దొంగలు పారిపోయి వచ్చి చేరిన గిడ్డంగిలో వారి వాదులాటయే చిత్రము.

ఈ చిత్రములన్నిట ధనమునకు బదులుగ వెచ్చింపబడిన వస్తువొకటి కలదు. అది యెఱుక. ఎవనికి ఏది ఎప్పుడు తెలియునను దానిపై నేరకథ నడచును. దీనిని పంచిపెట్టుటకు పైకము అక్కఱలేదు. అయితే పంపకము అందఱిది ఒకటి కాదు. ‘బ్లడ్ సింపుల్’ లో పాత్రలకు తెలియనిది చూపరికి తెలియును. శవము విషయమై ప్రతివాడును ఎదుటివానిని అపార్థము చేసికొనుచుండగా మనము సర్వమెఱిగి గుండె పట్టుకొని చూతుము. ‘ఫాలోయింగ్’ లో మనకు తెలిసినది ఆ యువకునికి తెలిసినంతయే, ఒక్కొక్కచో అంతకు తక్కువ. అతడు మోసపోయినచోటనెల్ల మనమును మోసపోదుము. కాబట్టి వీనినన్నిటిని ‘స్వల్పవ్యయ చిత్రములు’ అను నొక్క గోనెలో వేసి మూతికట్టుట శాస్త్రీయము కాదు.

తెలుగునందును ఇట్టి కృతి యొకటి కలదు. 2003 లో వెలువడిన ‘ఐతే’ చంద్రశేఖర్ యేలేటికి దర్శకునిగా తొలి చిత్రము. గుణ్ణం గంగరాజు నిర్మాత. పిదప మిక్కిలి పేరొందిన ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్‌కును అది తొలి చిత్రమే. ఉద్యోగములు లేని నలుగురు యువకులు ఒక నేరసామ్రాజ్యాధిపతి పన్నిన విమానాపహరణపు పన్నుగడలో చిక్కుట ఇతివృత్తము. ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందినది. ప్రసిద్ధనటుల పేరుమీదనే చిత్రము అమ్ముడుపోవు మన విపణిలో కొత్తవారిని నాయకులుగా నిలుపుటయే పెద్ద సాహసము. నోలన్ లేమి ఫిలిము లేమి; ఇచ్చటి లేమి నాయకుని పేరు లేమి. ఆ లోటును కథలోని మలుపులు పూరింపవలసివచ్చినవి. మన పరిశోధక విద్యార్థులు దీనిపై విడిగా పనిచేయవలయునని మా కోరిక. పని చేసినవారు ఇప్పటికీ జీవించియున్నారు, అడిగినచో చెప్పుదురు.

ఇక 6,000 డాలర్ల మాట. తొలి చిత్రముల ఖర్చును గూర్చి ప్రచారములోనుండు అంకెలను చరిత్రకారుడు శాసనములయందలి దానాంకములవలె పరీక్షింపవలయును. రాబర్ట్ రోడ్రిగెజ్ 1992 లో తీసిన ‘ఎల్ మరియాచి’ ఏడువేల డాలర్ల చిత్రమని ప్రసిద్ధి. కాని దానిని థియేటరులలో ప్రదర్శనయోగ్యముగా చేయుటకు కొలంబియా సంస్థ అంతకు అనేక రెట్లు వెచ్చించినది. ‘ఫాలోయింగ్’ విషయమునను అంతే. చిత్రణమునకైన వ్యయము వేఱు. ఉత్సవములందు, థియేటరులందు చూపదగిన ప్రతిగా దానిని సిద్ధపఱచుటకు నెక్స్ట్ వేవ్ ఫిలింస్ అను సంస్థ చేసిన ధనసాహాయ్యము వేఱు. అంకె అబద్ధము కాదు. అది దేనికి అంకెయో చెప్పకపోవుటయే దోషము.

అంతకంటె గురుతరమైన దోషము మఱియొకటి. సంవత్సరము పొడుగున శనివారములు విడిచి వచ్చిన నటుల కూలి ఆ యంకెలో లేదు. గదులకు అద్దె లేదు. దర్శకుడే పనిచేసినందున ఛాయాగ్రాహకుని జీతము లేదు. సంఘముయొక్క పరికరములకు బాడుగ లేదు. ఒక రైతు తన భార్యాబిడ్డల చాకిరిని లెక్కింపక పంటకు ఖర్చు స్వల్పమేయని చెప్పిన మనము నమ్ముదుమా? ఖర్చు లేకపోవుట వేఱు, ఖర్చును ధనరూపమున చెల్లింపకపోవుట వేఱు. 6,000 డాలర్ల కథను విని, ‘ధనము లేకున్న నేమి, ప్రతిభయున్న చాలు’ నని యువకులకు బోధించువారు కలరు. ఆ బోధనను నమ్మి వచ్చు యువకునికి శనివారములు విడిచి వచ్చు మిత్రులున్నారో లేదో, ఇల్లు అరువిచ్చు బంధువులున్నారో లేదో ఎవరును అడుగరు. కళాశాల సంఘము, లండనులో నెలజీతమున్న ఉద్యోగము – ఇవియు మూలధనమే. వీనిని చెప్పక విడిచిన చరిత్ర, చరిత్ర కాక ప్రోత్సాహోపన్యాసమగును.

కీర్తిదీపమును గూర్చి మొదట చెప్పితిమి. దాని ప్రభావమునకు ఒక తార్కాణము. నాయకుని గది తలుపుమీద గబ్బిలపు గుర్తు, అనగా బాట్‌మన్ చిహ్నము, అంటింపబడియున్నది. నోలన్ 2005 లో ‘బాట్‌మన్ బిగిన్స్’ తీసెను. ఈ రెంటిని జతచేసి, భవిష్యత్తు ఆ తలుపుమీదనే వ్రాసియున్నదని పలుమార్లు వింటిమి. దొంగ పేరు కాబ్ అనియు, 2010 నాటి ‘ఇన్సెప్షన్’ నాయకుని పేరును కాబ్ అనియు, ఇతడును పరుల మనస్సులలో దూఱు దొంగయే యనియు మఱియొక సామ్యము చూపుదురు. ఈ రెండవది విచార్యమే. పరుల రహస్యములలోనికి ప్రవేశించుట ఆ కర్త మనసునుండి తొలగని విషయమై యుండవచ్చును. మొదటిది మాత్రము కేవలము కాకతాళీయము. 1990 ప్రాంతపు లండనులో ఒక నిరుద్యోగ యువకుని తలుపుమీద ఆ గుర్తు ఉండుటలో వింత లేదు. ఆ తలుపు వెనుక గది పేదగది. కాబ్ తృణీకరించిన గది. కథకు కావలసినది అదియే.

దోషములు లేవని మా వాదము కాదు. స్త్రీపాత్రకు పేరైనను లేదు. ఆమె మొదట వలవేయుటకు, పిదప చచ్చుటకు కల్పింపబడినది. పాత నేరచిత్రముల మూసనుండి ఆమెను యథాతథముగ తీసికొనిరి. చివరి ఘట్టములలో పన్నాగమును విడమరచి చెప్పు సంభాషణలు బరువెక్కినవి. అభ్యసించి అభ్యసించి నటించుటచే కొన్ని మాటలు పాఠము అప్పగించినట్లు వినబడును. వీనిని లేమికి ముడివెట్టి క్షమించువారు గుణములనుకూడ లేమికే ముడివెట్టవలసివచ్చును.

1998 లో శాన్ ఫ్రాన్సిస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ చిత్రము తొలిసారి ప్రదర్శింపబడెను; 1999 లో రాటర్‌డాం ఉత్సవమున టైగరు పురస్కారము నందెను. 2000 లో వచ్చిన ‘మెమెంటో’ తో నోలన్ పేరు దేశదేశములకు ప్రాకినది. తక్కినవారి సంగతి విచారించినవారు తక్కువ. సంగీతము కూర్చిన డేవిడ్ జూల్యన్ ‘మెమెంటో’ కును, 2006 నాటి ‘ది ప్రెస్టీజ్’ కును స్వరములు సమకూర్చెను. స్త్రీపాత్ర ధరించిన లూసీ రస్సెల్ 2001 లో ఫ్రెంచి దర్శకుడు ఎరిక్ రోమర్ చిత్రమున ప్రధానపాత్ర వహించెను. కాబ్‌గా నటించిన అలెక్స్ హా, మాటలతోనే తెరను ఆక్రమించిన ఆ నటుడు, నటన విడిచి భవననిర్మాణశిల్పి యయ్యెను. సంవత్సరము పొడుగున చింపిరిజుట్టును, సూటును, వాచిన ముఖమును ధరించిన థియోబాల్డ్ ‘బాట్‌మన్ బిగిన్స్’ లో నగర జలసరఫరా కార్యాలయపు ఉద్యోగిగా నొక చిన్న వేషమున కనబడును, ఎఱుగనివారు గుర్తింపలేరు.